పోస్టుమేన్‌కి ఏమిద్దాం?



దసరా సందడి మొదలయ్యే రోజులివి. ఈ అక్టోబరులోనే 9వ తేదీ ప్రపంచ తపాలా దినోత్సవం. 1874లో సరిగ్గా ఆ రోజున స్విట్జర్లాండులోని బెర్న్ నగరంలో విశ్వ తపాలా సమాఖ్య ఏర్పడింది. మర్నాడు 10వ తేదీ మన దేశంలో జాతీయ తపాలా దినోత్సవం. పోస్టాఫీసుల్లో సభలు జరుగుతాయి, తపాలా బిళ్ళల ప్రదర్శనలు పెడతారు. ఇళ్ళల్లో ఉండే మనం ఏం చెయ్యాలన్నది మాత్రం ఎవరూ చెప్పరు. మన గుమ్మం దాకా వచ్చి ఉత్తరం చేతికిచ్చి వెళ్ళే మనిషికి కృతజ్ఞతగా ఒక కానుక ఇవ్వాలనిపిస్తే ఏమివ్వాలి, ఎలా ఇవ్వాలి? ఈ పూట దాని గురించే మాట్లాడుకుందాం.

ఈ కాలంలో ఉత్తరాలెక్కడివండీ అని మీలో కొందరు అనుకోవచ్చు. క్షేమసమాచారాల ఉత్తరాలు తగ్గిన మాట నిజమే. టెలిగ్రామ్ 2013 జూలైలోనే ఆగిపోయింది. రిజిష్టరు ఉత్తరం కూడా 2025లో స్పీడ్‌పోస్టులో కలిసిపోయింది. అయినా పోస్టుమేన్ సంచి ఖాళీగా లేదు. ఆధార్ కార్డు, పాన్ కార్డు, ఓటరు కార్డు, పాస్‌పోర్టు, బ్యాంకు ఏటీఎం కార్డు, చెక్కుబుక్కు, ఎల్ఐసీ కాగితాలు, కోర్టు నోటీసు, ఉద్యోగపు ఆర్డరు, శ్రావణమాసంలో అక్కచెల్లెళ్ళు పంపే రాఖీలు ఇవన్నీ ఆ సంచిలోనే వస్తున్నాయి. వీటిలో ఏ ఒక్కటి దారి తప్పినా మనం ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరగాలో ఆలోచించండి. మీ అమ్మాయి పాస్‌పోర్టు మీ చేతికే వచ్చిందంటే, మీ గుర్తింపు చూసి సంతకం పెట్టించుకునే దాకా ఒక మనిషి దాన్ని జాగ్రత్తగా మోసుకొచ్చాడని అర్థం.

కానుక విషయంలో మన ఊళ్ళలో పాత ఆనవాయితీ ఒకటుంది. దసరా మామూలు. మహర్నవమి వెళ్ళగానే పోస్టుమేన్, కరెంటాయన, వీధులూడ్చే అమ్మ, రాత్రి కాపలా తిరిగే గూర్ఖా వరసగా వచ్చి గుమ్మంలో నిలబడేవారు. ఇంటాయన లోపలికి వెళ్ళి ఒక నోటు తెచ్చి చేతిలో పెట్టేవాడు. దాన్ని నేను తీసిపారెయ్యను. జీతం రాళ్ళు చాలని రోజుల్లో ఆ నోట్లతోనే కొందరి పిల్లలకు పండక్కి కొత్త చొక్కాలు వచ్చాయి. కానీ అందులో ఒక ఇబ్బంది ఉంది. ఇచ్చేవాడి చెయ్యి పైన, పుచ్చుకునేవాడి చెయ్యి కింద. పైగా వచ్చిన వాళ్ళందరికీ ఒకే నోటు. ఏడాది పొడుగునా ఎవరు మనకి ఏం చేశారో ఆ నోటు చెప్పదు.

మనియార్డరుతో వచ్చే ఇబ్బంది ఇంకొకటి ఉండేది. బొంబాయి పోయిన పాలమూరు కూలీ, గల్ఫు వెళ్ళిన జగిత్యాల కొడుకు, పటాలంలో ఉన్న శ్రీకాకుళం కుర్రాడు ఇంటికి పంపిన డబ్బుని పోస్టుమేన్ లెక్కపెట్టి ఇస్తే, అందులోంచి ఒకటో రెండో తీసి ఆయన చేతిలో పెట్టేవారు. పదిమందిలో ఎనిమిదిమంది ఇష్టంగానే పెట్టి ఉంటారు. కానీ ఇవ్వకపోతే వచ్చే నెల ఆలస్యమవుతుందేమోనన్న భయంతో పెట్టిన ముసలమ్మలు కూడా ఉన్నారు. నిజాయితీగల పోస్టుమేన్‌లకి ఆ డబ్బు చేదుగా ఉండేది. ఒకాయన నాతోనే అన్నారు, "ఆవిడ మంచినీళ్ళిస్తే తాగుతానండీ, ఆ డబ్బు తీసుకుంటే మాత్రం నాకు నిద్రపట్టదు" అని. అందుకే నా మొదటి మాట, డబ్బు వద్దు.

ఇది నా ఒక్కడి అభిప్రాయం కాదు, చట్టమూ ఇంచుమించు అదే చెబుతుంది. కేంద్ర ప్రభుత్వోద్యోగుల ప్రవర్తనా నియమావళి 1964 నాటిది. అందులో 13వ నియమం కానుకల గురించి. తనతో ఆఫీసు పని ఉన్నవాళ్ళ దగ్గర ఉద్యోగి విలువైన కానుకలు తీసుకోకూడదు. అదే నియమానికి వివరణగా ఒక చల్లని మాట కూడా రాశారు. ఎప్పుడో ఒక పూట పెట్టిన భోజనం, దారిలో బండి ఎక్కించుకోవడం, అలాంటి మామూలు ఆదరణ కానుక కింద లెక్కకు రాదని. నియమాలు రాసినవాళ్ళకి మన దేశం తెలుసు. ఎండన పడి వచ్చిన మనిషికి మజ్జిగ ఇవ్వడాన్ని లంచం అనరు. కాబట్టి ఖరీదైన వస్తువులు పెట్టి ఆయన్ని ఇరుకున పెట్టొద్దు. మనం పెట్టేది ఆయన పదిమందిలో చెప్పుకోగలిగేదై ఉండాలి.

మరి ఏం పెట్టాలి? ఏ కానుకైనా ఎంచుకోవాలంటే ముందు ఆ మనిషి రోజు ఎలా గడుస్తుందో తెలియాలి. మనకి పోస్టుమేన్ కనిపించేది ఒక్క నిమిషం. గేటు చప్పుడు, "పోస్ట్!" అన్న కేక, ఒక సంతకం, అంతే. ఆ నిమిషానికి ముందూ వెనకా ఏముందో చెబుతాను.

టౌనులో అయితే పొద్దున్నే పోస్టాఫీసుకి సంచులొస్తాయి. సీలు విప్పి గుమ్మరించి బీట్ల వారీగా విడదీస్తారు. బీటంటే ఒక పోస్టుమేన్ తిరిగే వీధులు. తన కట్ట తనకి వచ్చాక దాన్ని నడిచే వరసలో పేర్చుకోవాలి. మొదటి సందులో మొదటి ఇల్లు పైన, చివరి సందులో చివరి ఇల్లు అడుగున. ఈ పేర్చడంలోనే ఆయన పనితనమంతా ఉంది. మన టౌన్లలో డోర్ నంబర్ల సంగతి మీకు తెలుసు. వార్డు నంబరు, బ్లాకు నంబరు, ఇంటి నంబరు, దానికో బై, ఆ బై పక్కన ఏ, బీ, సీ. ఒక ఇల్లు మూడు వాటాలైతే మూడు బైలు. పక్క ప్లాటులో తర్వాత కట్టిన ఇంటికి వరసకు అందని ఇంకో నంబరు. హైదరాబాదు పాతబస్తీలోనో విజయవాడ వన్‌టౌన్‌లోనో ఈ నంబర్లను ఎవరూ పుస్తకం చూసి నేర్చుకోలేరు. కాళ్ళతో నేర్చుకోవాలి. కొత్తగా బీటుకి వచ్చినవాడికి అది పట్టుబడటానికి నెలలు పడుతుంది.

1972 ఆగస్టు 15న శ్రీరామ్ భికాజీ వేలంకర్ అనే అధికారి చొరవతో మన దేశానికి పిన్‌కోడు వచ్చింది. ఆరు అంకెలు. మొదటి అంకె 5 అయితే మన రెండు తెలుగు రాష్ట్రాలూ కర్ణాటకా ఉన్న ప్రాంతం. చివరి మూడంకెలు ఫలానా పోస్టాఫీసని చెబుతాయి. 2025 మే నెలలో తపాలా శాఖ డిజిపిన్ అనే పద్ధతి తెచ్చింది. మన హైదరాబాదులోని ఐఐటీ, ఇస్రో వారి జాతీయ దూర సంవేదన కేంద్రం కలిసి దానికి సాయపడ్డాయి. దేశాన్నంతా సుమారు నాలుగు మీటర్ల చదరాలుగా విడగొట్టి ఒక్కో చదరానికి పది అక్షరాల గుర్తు ఇచ్చే పద్ధతి అది. గొప్ప పనే, కాదనను. కానీ పిన్‌కోడు ఉత్తరాన్ని పోస్టాఫీసు దాకా తెస్తుంది, డిజిపిన్ గుమ్మం ఎక్కడుందో చూపిస్తుంది. ఆ గుమ్మంలో ఉన్న సుబ్బారావు ఫలానా సుబ్బారావేనా, ఆయన కూతురు పెళ్ళై వెళ్ళిపోయిందా, వాటా ఖాళీ చేసినవాళ్ళు ఏ వీధికి మారారు అన్నది పోస్టుమేన్‌కే తెలుసు. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పడు కూడా. ఏ ఇంటికి కోర్టు నోటీసు వచ్చిందో, ఎవరికి బ్యాంకు వాళ్ళు బాకీ కాగితం పంపారో తెలిసీ పక్కింట్లో మాట జారని మనిషి అతను. ఈ గుట్టు నిలబెట్టడాన్ని నేను చాలా గొప్ప గుణంగా భావిస్తాను.

ఇక పల్లెల సంగతి. మన దేశంలో లక్షన్నరకు పైగా పోస్టాఫీసులున్నాయి, ప్రపంచంలో ఇంత పెద్ద తపాలా వ్యవస్థ ఇంకోటి లేదు. వాటిలో నూటికి తొంభై దాకా పల్లెల్లోనే ఉన్నాయి. అక్కడ పని చేసేది గ్రామీణ డాక్ సేవకులు. ఒకరు బ్రాంచి పోస్టుమాస్టరు, అందరూ బీపీఎం అంటారు. ఇంకొకరు సహాయ బీపీఎం. చాలా ఊళ్ళలో ఇద్దరి పనీ ఒక్కరే చేస్తున్నారు. వీళ్ళకి పదో తరగతి చదువు, స్థానిక భాష, కంప్యూటరు పరిచయంతో పాటు సైకిలు తొక్కడం వచ్చి ఉండాలని నోటిఫికేషన్‌లో ఇప్పటికీ రాస్తారు. బ్రాంచి పోస్టాఫీసుకి చోటు కూడా బీపీఎమ్మే చూసుకోవాలి. అందుకే చాలా ఊళ్ళలో పోస్టాఫీసంటే వాళ్ళ ముందుగదిలో ఒక బల్ల, ఒక తూకం యంత్రం, గోడకి తగిలించిన ఎర్ర డబ్బా.

వీళ్ళకి వచ్చేది మామూలు ఉద్యోగి జీతం కాదు. 2018 జూలై నుంచి అమలైన లెక్క ప్రకారం రోజుకి నాలుగు గంటల పనికి బీపీఎంకి 12,000 రూపాయలతో, సహాయ బీపీఎంకి 10,000 రూపాయలతో మొదలవుతుంది. దానిమీద కరువు భత్యం. నాలుగు గంటలన్నది కాగితం మీద. తెలంగాణ పల్లెల్లో చేయూత పింఛన్లు పోస్టాఫీసు ద్వారానే ఇస్తారు. పింఛన్లిచ్చే రోజుల్లో బీపీఎం అరుగు మీద ఎంతమంది ముసలివాళ్ళు కూర్చుని ఉంటారో చూస్తే ఆ నాలుగు గంటల లెక్క ఎంత దూరమో అర్థమవుతుంది. జీవితమంతా నాట్లు వేసి, కలుపు తీసి, బీడీలు చుట్టి వేళ్ళ గీతలు అరిగిపోయినవాళ్ళు వాళ్ళు. మిషను మీద వేలు పడదు. బీపీఎం తడిగుడ్డతో ఆ వేలు తుడిచి మళ్ళీ పెట్టిస్తాడు, రెండో చెయ్యి పెట్టిస్తాడు, సిగ్నల్ లేకపోతే ఫోను పట్టుకుని మేడెక్కుతాడు. 2018 సెప్టెంబరు 1న ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు మొదలైన తర్వాత ఇంటికే వచ్చి డబ్బులివ్వడం, నవంబరులో పింఛనుదారుల లైఫ్ సర్టిఫికెట్ ఇంటి దగ్గరే పూర్తి చెయ్యడం కూడా వీళ్ళ పనే. మంచం దిగలేని మనిషి బతికే ఉన్నాడని ప్రభుత్వానికి చెప్పి వచ్చేది పోస్టుమేనే.

తమిళనాడులో కూనూరు దగ్గర డి. శివన్ అనే పోస్టుమేన్ ఉండేవారు. నీలగిరి అడవుల్లో రోజూ పదిహేను కిలోమీటర్ల దాకా నడిచి ఉత్తరాలూ పింఛన్లూ అందించేవారు. దారిలో ఏనుగులు, ఎలుగుబంట్లు. 2020లో ఆయన రిటైరైనప్పుడు ఒక ఐఏఎస్ అధికారిణి ఆయన గురించి నాలుగు మాటలు రాస్తే దేశమంతా చదివి చేతులు జోడించింది. మన పాడేరు కొండల్లోనూ, ఆదిలాబాదు గూడేల్లోనూ అలాంటి నడక నడిచినవాళ్ళున్నారు. వాళ్ళ గురించి ఎవరూ రాయలేదు, అంతే తేడా.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, మంచి కానుకంటే అది ఆయన రోజులో ఎక్కడో ఒకచోట పనికిరావాలి. "నీ పని నేను చూశాను" అని ఆ వస్తువు చెప్పాలి.

మన దగ్గర మూడు కాలాలు మూడు రకాల కష్టాలు. ఎండాకాలం సంగతి తీసుకోండి. రెంటచింతలలో, రామగుండంలో మే నెల మధ్యాహ్నం ఎలా ఉంటుందో అక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. ఉగాదికే, ఎండలు ముదరకముందే, చల్లదనం నిలిచే మంచి స్టీలు నీళ్ళ సీసా ఒకటి ఇవ్వండి. చవకరకం వద్దు, రెండు నెలలకే మూత ఊడిపోతుంది. మెడ మీదా తలమీదా వేసుకోవడానికి మంచి నూలు తువ్వాలు, పొందూరు ఖద్దరో చీరాల నేతో అయితే చెమట పీలుస్తుంది. చేతుల మీద ఎండ పడకుండా బైకువాళ్ళు తొడుక్కునే తొడుగులు దొరుకుతున్నాయి, అవీ బాగానే పనికొస్తాయి. వానాకాలానికి రెయిన్‌కోటు. దానితోపాటు సంచికి కప్పే తొడుగు కూడా తీసుకోండి. పోస్టుమేన్ వానలో ముందు తన తల చూసుకోడు, సంచి చూసుకుంటాడు. కాగితాలు తడిస్తే జవాబు చెప్పుకోవాల్సింది తనే. చలికాలంలో తెల్లవారుజామున ఏజెన్సీ దారుల్లో బండి నడిపేవాళ్ళకి చెవులు కప్పే ఉన్ని టోపీ. చెప్పులు, బూట్లు ఇవ్వాలని కొందరికి ఉంటుంది. మంచి ఆలోచనే, కాని కొలత అడక్కుండా కొనొద్దు. కొలత అడగడానికి మొహమాటమైతే ఆ ఆలోచన మానుకోండి.

తినే వస్తువుల దగ్గర కాస్త ఆలోచించాలి. దసరాకి, దీపావళికి ప్రతి ఇంటివాళ్ళూ మిఠాయి పొట్లమే ఇస్తారు. వీధంతా తిరిగి వచ్చేసరికి ఆయన సంచిలో పది పొట్లాలు. యాభై దాటిన వాళ్ళలో షుగరున్నవాళ్ళు ఎందరో. మీ ఇంట్లో కొత్తావకాయ పెట్టిన రోజుల్లో ఒక చిన్న జాడీ ఇవ్వండి, అది వాళ్ళింటిల్లిపాదీ తింటారు. మీ పొలంలో పండిన కందిపప్పు, మీ చెట్టు మామిడిపళ్ళు, ఇంట్లో కొట్టిన కారం ఇవి బజారు డబ్బా కంటే వెయ్యి రెట్లు మేలు. ఆయన పండగేదో కూడా తెలుసుకోవాలి. ముస్లిం అయితే రంజాన్‌కి ఖర్జూరం, క్రైస్తవుడైతే క్రిస్మస్‌కి కేకు. అందరికీ దసరాకే ఇవ్వాలని ఎక్కడా లేదు. నా మట్టుకు నాకు అన్నిటికంటే మంచి సమయం జూన్ నెల. బడులు తెరిచే వారం. వాళ్ళ పిల్లలు ఏ తరగతి చదువుతున్నారో కనుక్కుని నోటుపుస్తకాలు, జామెట్రీ బాక్సు, ఒక మంచి తెలుగు నిఘంటువు ఇస్తే ఆ ఇంట్లో ఏడాదంతా ఉంటాయి.

ఈమధ్య పల్లెల్లో బీపీఎంలుగా అమ్మాయిలు చాలామంది వస్తున్నారు. పదో తరగతి మార్కుల మీదే ఎంపిక కాబట్టి బాగా చదివిన ఆడపిల్లలకి ఈ ఉద్యోగం దొరుకుతోంది. చాలామంది పుట్టింటికి దూరంగా, తెలియని ఊళ్ళో గది అద్దెకి తీసుకుని పోస్టాఫీసు నడుపుతున్నారు. ఊళ్ళోవాళ్ళు పోస్టు మేడమ్ అంటారు. వాళ్ళకి కానుక ఇచ్చేటప్పుడు ఇంటి ఆడవాళ్ళే ఇవ్వడం మర్యాద. ఒక పండగపూట లోపలికి పిలిచి, పీట వేసి, అన్నం పెట్టి, బొట్టు పెట్టి జాకెట్టు గుడ్డ చేతిలో పెడితే ఆ అమ్మాయికి ఆ ఊళ్ళో ఒక ఇల్లు దొరికినట్టే. ఇంకో మాట కూడా చెబుతాను. టపా ఇచ్చే ఆడపిల్ల మన వీధిలో అడగలేనిది, మనంతట మనమే ఇవ్వాల్సింది ఒకటుంది. బాత్రూము వాడుకోనివ్వడం. "అమ్మాయ్, అవసరమైతే మొహమాటపడకు, మా ఇల్లుంది" అని ఇంటావిడ ఒక్కసారి చెప్పి ఉంచితే అంతకు మించిన మర్యాద లేదు.

డబ్బు ఖర్చు లేని కానుకలు ఇంకా ఉన్నాయి, నిజానికి అవే ఎక్కువ విలువైనవి. మీ డోర్ నంబరు గేటు మీద పెద్ద అక్షరాలతో, రోడ్డు మీంచి కనిపించేటట్టు రాయించండి. ఎప్పుడో వేసిన రంగు వెలిసి అంకెలు పోయిన ఇళ్ళు ప్రతి వీధిలోనూ ఉంటాయి. మీకు వచ్చే కాగితాల మీద పాత చిరునామా ఉంటే బ్యాంకులోనూ ఆధార్‌లోనూ మార్పించుకోండి. అపార్ట్‌మెంటు అయితే కింద మెట్ల దగ్గర ఫ్లాటు నంబర్లతో ఉత్తరాల పెట్టెలు పెట్టించండి, అయిదో అంతస్తు దాకా ఎక్కి తాళం చూసి దిగే బాధ తప్పుతుంది. ఆ పెట్టెల పక్కనే ఒక కుర్చీ, ఒక నీళ్ళ కూజా. స్పీడ్‌పోస్టు వస్తుందని తెలిసినరోజు ఇంట్లో ఒకరు ఉండండి, ఉండలేకపోతే ముందే చెప్పండి. లేకపోతే ఆయన తలుపు తాళం అని రాసుకుని తిరిగి తీసుకెళ్ళి, లెక్క అప్పజెప్పి, మర్నాడు మళ్ళీ మోసుకురావాలి.

కుక్క ఉన్న ఇళ్ళవాళ్ళకి ప్రత్యేకంగా చెబుతున్నాను. కుక్కని కట్టెయ్యండి. "మాది కరవదండీ" అని ప్రతివాళ్ళూ అంటారు. అది మిమ్మల్ని కరవదు. గేటు తీసి లోపలికొచ్చే కొత్తమనిషిని కరవదని మీరెలా హామీ ఇస్తారు? బొడ్డు చుట్టూ సూదులు పొడిపించుకున్న పోస్టుమేన్‌లు పాతతరంలో చాలామంది ఉన్నారు. మీ ఇంటి ముందు ఆయన భయం లేకుండా నిలబడగలగడం కూడా మీరిచ్చే కానుకే.

ఇక ఒక మంచి కానుక చెబుతాను, తపాలా శాఖ దగ్గరే దొరుకుతుంది. మై స్టాంప్ అనే పథకం 2011లో మొదలైంది. ఒక ఫోటో ఇస్తే దాన్ని తపాలా బిళ్ళ పక్కన అచ్చు వేసి షీటుగా ఇస్తారు. పన్నెండు బిళ్ళలున్న షీటు 300 రూపాయలు. హైదరాబాదులో అబిడ్స్ జీపీఓలోనూ, జిల్లాల్లో పెద్ద పోస్టాఫీసుల్లోనూ కనుక్కోండి. జీవితమంతా ఎవరెవరి బొమ్మలో ఉన్న బిళ్ళల మీద ముద్ర కొట్టిన మనిషికి తన బొమ్మతోనే ఒక షీటు అందితే ఆయన ముఖం ఎలా ఉంటుందో ఊహించండి. 1937లో ఆరో జార్జి కాలంలో ఈటె పట్టుకుని పరుగెత్తే టపామనిషి బొమ్మతో రెండణాల బిళ్ళ ఒకటి వేశారు. ఆ పరుగెత్తే మనిషికి పేరు లేదు. మీ వీధి పోస్టుమేన్‌కి పేరుంది. ఫోటో వాడుకోవడానికి ఆయన ఒప్పుకోవాలి, ఆ అనుమతి ముందుగానే అడగండి. రిటైర్‌మెంటుకి ఇవ్వడానికి ఇంతకంటే మంచి వస్తువు నాకు తోచలేదు. మామూలుగా మన ఊళ్ళలో ఏం చేస్తారు? పూలదండ, శాలువా. శాలువాలు బీరువాలో మడత విప్పకుండా ఉండిపోతాయి. కప్పక తప్పదనుకుంటే పోచంపల్లి దుప్పటో, మంగళగిరి పంచెల చాపో ఇవ్వండి, వాడుకుంటారు. ఆ సభలో మైకు పట్టుకుని మాట్లాడేటప్పుడు "విశిష్ట సేవలందించారు" లాంటి మాటలు వద్దు. ఫలానా తుఫానులో మోకాలిలోతు నీళ్ళలో మా అబ్బాయి ఇంటర్వ్యూ కార్డు తెచ్చిచ్చారు అని చెప్పండి.

అమెరికాలో ఉన్న మన వాళ్ళ కోసం కూడా ఒక మాట, వాళ్ళూ ఇంటర్నెట్‌లో ఈ ప్రసారం వింటుంటారు కాబట్టి. అక్కడి తపాలా సంస్థ నిబంధన స్పష్టం. ఒక్కో సందర్భంలో 20 డాలర్లకి మించని కానుకే తీసుకోవాలి, ఒక ఇంటి నుంచి ఏడాదికి 50 డాలర్లు దాటకూడదు, నగదు అసలే కూడదు. క్రిస్మస్ కార్డులో డాలరు నోటు పెట్టే అలవాటుంటే మానండి. 1987 నుంచి 1994 దాకా తయారైన వాళ్ళ పాత తెల్ల బండ్లలో ఏసీ లేదు, అవి ఇంకా చాలా ఊళ్ళలో తిరుగుతున్నాయి. డల్లాస్ ఎండలో మెయిల్‌బాక్సు దగ్గర చల్లని నీళ్ళ సీసాలు పెట్టిన చిన్న పెట్టె అక్కడ సరైన కానుక.

చివరిగా, నేను అన్నిటికంటే పైన పెట్టే కానుక. అది ఉత్తరం. మనదేశంలో పోస్టుకార్డు 1879లో కాలణాకి మొదలైంది, ఇవాళ 50 పైసలు. దాని మీద పోస్టుమేన్ పేరు, ఆయన పని చేసే పోస్టాఫీసు చిరునామా రాసి, ఆయన మీకు చేసిన ఒక పని గురించి నాలుగు వాక్యాలు రాయండి. ఆకాశవాణికి కోరిన పాటల కోసం మీ అమ్మానాన్నలు కార్డులు రాసిన రోజుల్లో వాటిని ఊరూరా పోగుచేసి స్టూడియోకి చేర్చింది ఈ వృత్తివాళ్ళే. ఊరందరి ఉత్తరాలూ మోసే ఆ మనిషికి తన పేరున ఉత్తరం రావడం అరుదు.

ఆ కార్డుతోపాటు ఇంకో ఉత్తరం మీ డివిజన్ పోస్టాఫీసుల సూపరింటెండెంట్‌కి రాయండి. ఆ అధికారి బల్ల మీదికి రోజూ వచ్చేవి ఫిర్యాదులు. ఉత్తరం రాలేదని, ఆలస్యమైందని, చిరిగిందని. బాగా చేశాడని ఎవరూ రాయరు. మీ ఉత్తరంలో పోస్టుమేన్ పేరు, బీటు లేదా బ్రాంచి పోస్టాఫీసు పేరు, పిన్‌కోడు, ఏ తేదీన ఏం చేశారో స్పష్టంగా రాయండి. పొగడ్తలు అక్కర్లేదు, జరిగింది జరిగినట్టు చాలు. తపాలా శాఖలో 1984 నుంచి మేఘదూత్ అవార్డులున్నాయి, గ్రామీణ డాక్ సేవకులకీ అందులో చోటుంది. అవార్డు వస్తుందో రాదో మన చేతిలో లేదు. కానీ ఆయన పని గురించి పై అధికారి చేతిలో ఒక మంచి కాగితం ఉండటం మాత్రం పూర్తిగా మన చేతిలోనే ఉంది.

కాబట్టి శ్రోతలారా, ఈ వారంలో మీ పోస్టుమేన్ వచ్చినప్పుడు ఒక్క నిమిషం ఆపి పూర్తి పేరు అడగండి. ఏ బీటో, ఏ పోస్టాఫీసో కాగితం మీద రాసుకోండి. పండగ సెలవులు అయ్యేలోగా ఆ రెండు ఉత్తరాలూ రాసి మీ వీధి చివర ఎర్ర డబ్బాలో వెయ్యండి.